చిన్న వ్యాపారాలకు నెట్‌వర్క్ నిల్వ సర్వరు

నెట్‌వర్క్ నిల్వ సర్వరు అనగా ఒక దుకాణంలో గాని, కార్యాలయంలో గాని ఉన్న కంప్యూటర్లన్నీ ఉమ్మడిగా వాడుకొనే ఫైళ్ళను ఒకే చోట భద్రపరచి, నెట్‌వర్కు ద్వారా అందించే పరికరం. ఆంగ్లంలో దీనిని నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అంటారు. ఆ పదాల తొలి అక్షరాలను బట్టి వాడుకలో నాస్ అనే పేరు స్థిరపడింది. చిన్న వ్యాపారాలలో వాడే నాస్ సాధారణంగా రెండు లేదా నాలుగు హార్డ్ డిస్కులు పట్టే చిన్న పెట్టె.

ఆంధ్ర ప్రదేశ్ లోని అనంతపురం పీఠభూమి వంటి కరువు ప్రాంతంలో ఈ పరికరాన్ని ఎంచుకొనేటప్పుడు ముందుగా చూడవలసినవి నాలుగు: కరెంటు, వేడి, దుమ్ము, వేరొక చోట ఉంచే రెండవ ప్రతి. డిస్కు పరిమాణం, తయారీ సంస్థ పేరు వీటి తరువాత వస్తాయి. రెండు డిస్కులు ఉన్న పెట్టె కొన్నంత మాత్రాన లెక్కలకు రెండు ప్రతులు ఉన్నట్లు కాదు. ఈ విషయాన్ని గుర్తించకపోవడమే చిన్న వ్యాపారాలు సమాచారాన్ని పోగొట్టుకోవడానికి ఒక ప్రధాన కారణం.

పనిచేసే విధానం

నాస్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దీనికి సొంత ప్రాసెసరు, మెమరీ, నిర్వహణ వ్యవస్థ ఉంటాయి. తెర, కీబోర్డు అవసరం లేదు. దీనిని ఒక తీగ ద్వారా రూటరుకు గాని, స్విచ్చికి గాని కలుపుతారు. అదే నెట్‌వర్కులో ఉన్న మరొక కంప్యూటరులోని బ్రౌజరు ద్వారా దీని అమరికలను మార్చవచ్చు. విండోస్ కంప్యూటర్లకు ఇది ఒక ఉమ్మడి ఫోల్డరు వలె కనిపిస్తుంది.

యు.ఎస్.బి. ద్వారా తగిలించే బాహ్య డిస్కుకు, నాస్‌కు ముఖ్యమైన భేదం ఉంది. బాహ్య డిస్కు ఒక సమయంలో ఒక కంప్యూటరుకే అందుబాటులో ఉంటుంది. నాస్‌ను ఒకేసారి పలువురు వాడుకోవచ్చు. ఎవరు ఏ ఫోల్డరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు తుడిచివేయవచ్చు అనే అనుమతులను వేరువేరుగా ఇవ్వవచ్చు. గుమాస్తాకు అమ్మకాల ఫోల్డరు తెరచి, జీతాల ఫోల్డరు మూసి ఉంచడం ఇందుకు ఉదాహరణ.

నెట్‌వర్కు వేగం కూడా ముఖ్యమే. సెకనుకు 100 మెగాబిట్ల పాత స్విచ్చిలో ఆచరణలో సెకనుకు సుమారు 11 మెగాబైట్లు మాత్రమే వెళతాయి. ఒక గిగాబిట్ స్విచ్చిలో సుమారు 110 మెగాబైట్లు వెళతాయి. 75 గిగాబైట్ల ఫోటోలను నాస్‌లోకి చేర్చడానికి మొదటిదానికి దాదాపు రెండు గంటలు, రెండవదానికి పన్నెండు నిమిషాలలోపు పడుతుంది. ఖరీదైన నాస్ కొని పాత స్విచ్చికి తగిలిస్తే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం కనిపించదు.

చరిత్ర

నెట్‌వర్కు ద్వారా ఫైళ్ళను పంచుకొనే పద్ధతులు 1980 దశకంలో రూపుదిద్దుకున్నాయి. 1983లో నోవెల్ సంస్థ నెట్‌వేర్‌ను విడుదల చేసింది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇంచుమించు అదే కాలంలో ఐ.బి.ఎం. ఉద్యోగి బారీ ఫైగెన్‌బామ్ ఎస్.ఎం.బి. పద్ధతిని రూపొందించాడు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకొనేది దీని ద్వారానే. 1992లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వలన యునిక్స్, లినక్స్ యంత్రాలు కూడా విండోస్ కంప్యూటర్లకు ఫైళ్ళను అందించగలిగాయి. తరువాతి కాలంలో చిన్న నాస్ పెట్టెలలో అధిక భాగం లినక్స్, సాంబాల ఆధారంగానే తయారయ్యాయి.

పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో వర్ణించారు. చిన్న నాస్ పెట్టెలకు పేరొందిన సైనాలజీ 2000లోను, క్యూనాప్ 2004లోను తైవాన్‌లో ప్రారంభమయ్యాయి. సాధారణ కంప్యూటరును నాస్‌గా మార్చే ఫ్రీనాస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు 2005లో వెలువడింది. ఇదే తరువాత ట్రూనాస్ అయింది.

అనంతపురం ప్రాంత పరిస్థితులు

పూర్వపు అనంతపురం జిల్లాను 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజించారు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారం, రాయదుర్గం దుస్తుల కుట్టు కేంద్రాలు, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, హిందూపురం చింతపండు, మిరప మార్కెట్లు, వేరుశనగ మిల్లులు, అనంతపురం నగరంలోని ఫోటో స్టూడియోలు, డి.టి.పి. కేంద్రాలు ఈ ప్రాంతపు చిన్న వ్యాపారాలకు ఉదాహరణలు.

ధర్మవరంలో చీరలు నేయించే వ్యాపారి మగ్గం నేసేవారికి పట్టు, జరీ ఇచ్చి, చీర తిరిగి వచ్చిన తరువాత కూలి చెల్లిస్తాడు. ఎవరికి ఎంత సరకు ఇచ్చినది, ఎన్ని చీరలు వచ్చినది, ఎంత బయానా ముట్టినది అనే లెక్క ఆ వ్యాపారానికి ప్రాణం. ఆ లెక్క ఉన్న డిస్కు పాడయితే నష్టం వ్యాపారి ఒక్కడిదే కాదు. రావలసిన కూలికి రుజువు పోయిన నేతకారుడు కూడా నష్టపోతాడు. జకార్డు అట్టలకు ఆధారమైన డిజైను ఫైళ్ళు పోతే ఆ డిజైనును మళ్ళీ మొదటి నుండి గీయవలసి వస్తుంది.

కరెంటు

హార్డ్ డిస్కుకు, ఫైళ్ళ అమరికకు హఠాత్తుగా కరెంటు పోవడం ప్రమాదకరం. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే గాక, డిస్కులోని సూచిక కూడా చెడిపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో విద్యుత్ కొరత కారణంగా ఆంధ్ర ప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ విరామం ప్రకటించారు. ప్రకటించిన కోతకు ముందే సర్వరును ఆపుకోవచ్చు. ప్రకటించని కోత, గాలివానకు తెగిన తీగ, వోల్టేజి హెచ్చుతగ్గులు ఎక్కువ నష్టం కలిగిస్తాయి.

అందువలన నాస్‌తో పాటు యు.పి.ఎస్. కొనడం తప్పనిసరి. ఇళ్ళలో వాడే సాధారణ ఇన్వర్టరు కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి తీసుకొనే కొద్ది క్షణకాలంలోనే కొన్ని పరికరాలు ఆగి మళ్ళీ మొదలవుతాయి. యు.పి.ఎస్.లో ఈ వ్యవధి చాలా తక్కువ. రెండు డిస్కుల నాస్ సుమారు 20 వాట్లు మాత్రమే వాడుకుంటుంది కనుక చిన్న యు.పి.ఎస్. సరిపోతుంది. అయితే ఆ యు.పి.ఎస్.కు యు.ఎస్.బి. తీగ ద్వారా నాస్‌తో మాట్లాడే సౌకర్యం ఉండాలి. బ్యాటరీ అయిపోవడానికి ముందే నాస్ ఆ సంకేతాన్ని అందుకొని, ఫైళ్ళను మూసి, తనంతట తాను ఆగిపోతుంది. రాత్రి దుకాణం మూసి ఉన్నప్పుడు కరెంటు పోయినా నష్టం కలగదు. రూటరును, స్విచ్చిని కూడా అదే యు.పి.ఎస్.కు కలపడం మంచిది.

రోజంతా నడిచే 20 వాట్ల నాస్ సంవత్సరానికి సుమారు 175 యూనిట్ల కరెంటు వాడుతుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటరును సర్వరుగా మారిస్తే ఈ ఖర్చు దానికి కొన్ని రెట్లు కావచ్చు.

ఎర్తింగు

ఎండిన నేలలో విద్యుత్ నిరోధం పెరుగుతుంది. తడి నేలలో బాగా పనిచేసిన ఎర్తింగు గుంత వేసవిలో పూర్తిగా ఎండిపోయినప్పుడు తగినంత రక్షణ ఇవ్వదు. అందుకే ఈ ప్రాంతంలో బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తింగు గుంతకు వేసవిలో క్రమం తప్పకుండా నీరు పోయవలసి ఉంటుంది. ఎర్తింగు పనులకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043. సర్వరు కొనడానికి ముందే ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు నిరోధాన్ని కొలిపించడం అవసరం. మెరుపుల వలన వచ్చే అధిక వోల్టేజి నుండి కాపాడే సర్జ్ ప్రొటెక్టరు కూడా ఎర్తింగు సరిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది.

వేడి, దుమ్ము

చాలా చిన్న నాస్ పెట్టెలకు తయారీదారులు సూచించే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్. అనంతపురంలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత ఈ పరిమితిని దాటుతుంది. రేకుల కప్పు కింద, మూసిన గదిలో వేడి ఇంకా ఎక్కువగా ఉంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు యు.పి.ఎస్. మీద నడిచే నాస్ అదే గదిలో మరింత వేడెక్కుతుంది. కనుక సర్వరును పడమటి గోడకు, పై అంతస్తు కప్పుకు దూరంగా, గాలి ఆడే చోట ఉంచాలి. బీరువాలోను, బల్ల కింద మూసిన అరలోను పెట్టరాదు. నాస్ అమరికలలో డిస్కు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. అది తయారీదారు చెప్పిన హద్దును సమీపిస్తే ఇ-మెయిలు ద్వారా హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు.

దుమ్ము ఫ్యానును మూసివేసి వేడిని పెంచుతుంది. బండల పాలిష్ యూనిట్లు, వేరుశనగ మిల్లులు, కుట్టు కేంద్రాలలో సర్వరును యంత్రాల గదిలో కాక కార్యాలయపు గదిలో ఉంచాలి. నాస్‌ను ఆపిన తరువాత మెత్తని కుంచెతో గాలి రంధ్రాలను శుభ్రం చేయడం, ఫ్యాను శబ్దంలో మార్పును గమనించడం నెలకొకసారి చేయదగిన పనులు.

వరద

సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ప్రాంతంలో వరద గురించి ఆలోచించడం వింతగా తోచవచ్చు. కాని 2022 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని పలు లోతట్టు కాలనీలు నీట మునిగాయి. వర్షం అరుదైన చోట వంకలు పూడిపోయి, ఆక్రమణలకు గురై ఉంటాయి కనుక కురిసిన కొద్ది గంటలలోనే నీరు ఇళ్ళలోకి చేరుతుంది. నేల మీద పెట్టిన సర్వరు, యు.పి.ఎస్. ముందుగా మునిగేవి. వీటిని నడుము ఎత్తుకు పైన గోడ బల్ల మీద అమర్చడం ఖర్చు లేని జాగ్రత్త.

నిల్వ పరిమాణం అంచనా

ఎంత పరిమాణం గల డిస్కు కావాలి అనేది రోజుకు చేరే ఫైళ్ళను బట్టి లెక్కించాలి. కొన్ని ఉదాహరణలు:

* చీరల వ్యాపారం: రోజుకు 20 చీరలు, ఒక్కొక్కదానికి 5 మెగాబైట్ల ఫోటోలు నాలుగు చొప్పున తీస్తే రోజుకు 400 మెగాబైట్లు. సంవత్సరంలో 300 పని దినాలకు 120 గిగాబైట్లు.
* లెక్కల సాఫ్ట్‌వేరు: ట్యాలీ వంటి వాటి సమాచారం చిన్న దుకాణానికి కొన్ని గిగాబైట్లకు మించడం అరుదు. పరిమాణంలో ఇది అతి తక్కువ, విలువలో అతి ఎక్కువ.
* పెళ్ళి ఫోటోలు: 25 మెగాబైట్ల ఫోటోలు 3,000 తీస్తే 75 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల వీడియో ఆరు గంటలు తీస్తే 270 గిగాబైట్లు. ఒక్క పెళ్ళికి మొత్తం 345 గిగాబైట్లు.
* సి.సి. కెమెరాలు: సెకనుకు 2 మెగాబిట్ల కెమెరా రోజుకు 21.6 గిగాబైట్లు రాస్తుంది. నాలుగు కెమెరాలు 30 రోజులకు సుమారు 2.6 టెరాబైట్లు.

కెమెరా దృశ్యాలను, లెక్కలను ఒకే డిస్కులలో ఉంచితే కెమెరాలు స్థలాన్ని ఆక్రమించడమే గాక రాత్రింబగళ్ళు డిస్కును నడిపిస్తాయి. చిన్న దుకాణాలలో కెమెరాలకు వేరే రికార్డరు ఉంచడమే మేలు. వచ్చిన మొత్తానికి మూడు సంవత్సరాల పెరుగుదల కలిపి, నాలుగవ వంతు ఖాళీ వదలి డిస్కు పరిమాణాన్ని నిర్ణయించవచ్చు. 4 టెరాబైట్ల డిస్కును విండోస్ 3.63గా చూపుతుంది. లెక్కించే కొలమానంలో ఉన్న తేడా వలన ఇలా కనిపిస్తుంది, డిస్కులో లోపం ఏమీ ఉండదు.

డి.టి.పి. కేంద్రాలు ఫైళ్ళతో పాటు ఖతులను కూడా భద్రపరచాలి. పేజ్‌మేకరులో, అను వంటి యూనికోడేతర ఖతులలో కూర్చిన పాత పుస్తకం ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా, ఆ ఖతి, సాఫ్ట్‌వేరు లేకపోతే అక్షరాలు చదవడానికి వీలుపడదు. ఇటువంటి వాటికి ఒక పి.డి.ఎఫ్. ప్రతిని కూడా ఉంచడం మంచిది.

రెయిడ్ అమరిక

పలు డిస్కులను కలిపి, ఒకటి పాడయినా పని ఆగకుండా చూసే అమరికను రెయిడ్ అంటారు. 4 టెరాబైట్ల డిస్కులతో వచ్చే ఫలితాలు ఇలా ఉంటాయి:

* రెయిడ్ 0: రెండు డిస్కులు, 8 టెరాబైట్ల స్థలం. ఒక్క డిస్కు పాడయినా అంతా పోతుంది. వ్యాపారానికి పనికిరాదు.
* రెయిడ్ 1: రెండు డిస్కులు, 4 టెరాబైట్ల స్థలం. ఒకటి పాడయినా రెండవదానితో పని సాగుతుంది.
* రెయిడ్ 5: నాలుగు డిస్కులు, 12 టెరాబైట్ల స్థలం. ఒక డిస్కు నష్టాన్ని తట్టుకుంటుంది.
* రెయిడ్ 6: నాలుగు డిస్కులు, 8 టెరాబైట్ల స్థలం. రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకుంటుంది.

పాడయిన డిస్కును తీసి కొత్తది పెట్టినప్పుడు నాస్ సమాచారాన్ని దానిలోకి మళ్ళీ రాస్తుంది. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపడానికి దాదాపు 15 గంటలు పడుతుంది. ఆ సమయంలో మిగిలిన డిస్కుల మీద భారం ఎక్కువ. కరెంటు తరచుగా పోయే చోట ఈ పని పదేపదే ఆగుతుంది. చిన్న వ్యాపారానికి రెండు డిస్కుల రెయిడ్ 1 సులభమైన, మరమ్మతుకు అనువైన ఎంపిక.

రెయిడ్ డిస్కు పాడవడం నుండి మాత్రమే కాపాడుతుంది. గుమాస్తా పొరపాటున తుడిచిన ఫైలు రెండు డిస్కులలోను ఒకేసారి పోతుంది. దొంగతనం, మంటలు, వరద, పిడుగు, వైరస్ రెండు డిస్కులను కలిపే తీసుకుపోతాయి.

డిస్కులలో నాస్ కొరకు తయారుచేసిన వాటినే వాడాలి. పొరలు పొరలుగా రాసే ఎస్.ఎం.ఆర్. రకం డిస్కులు రెయిడ్‌ను తిరిగి నింపేటప్పుడు చాలా నెమ్మదిస్తాయి. నాస్ కొరకు అమ్మిన రెడ్ శ్రేణిలో కొన్ని ఈ రకానివని 2020లో వెల్లడయిన తరువాత వెస్టర్న్ డిజిటల్ సంస్థ ఏ డిస్కు ఏ రకమో ప్రకటించింది. కొనేముందు డిస్కు సి.ఎం.ఆర్. రకమని నిర్ధారించుకోవాలి.

సర్వరు రకాలు

సిద్ధంగా దొరికే నాస్ పెట్టె: సులభంగా అమర్చవచ్చు, కరెంటు తక్కువ తీసుకుంటుంది. పెట్టె పాడయితే అదే సంస్థ పెట్టె మళ్ళీ అవసరం కావచ్చు. కొన్ని నమూనాలు ఏ సంస్థ డిస్కునైనా అంగీకరించవు. సైనాలజీ 2025లో విడుదల చేసిన ప్లస్ శ్రేణికి ఇటువంటి నిబంధన విధించి, అదే సంవత్సరం దానిని సడలించింది. స్థానిక దుకాణంలో దొరికే డిస్కు పనిచేయని పెట్టెను ఈ ప్రాంతంలో కొనడం వివేకం కాదు.

పాత కంప్యూటరు: ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లతో పాత కంప్యూటరును నాస్‌గా మార్చవచ్చు. సాఫ్ట్‌వేరుకు ఖర్చు లేదు. విడిభాగాలు అనంతపురంలోనే దొరుకుతాయి. అయితే దీనిని చూసుకొనే తెలిసిన మనిషి కావాలి.

క్లౌడ్ నిల్వ: ఇంటర్నెట్ ద్వారా దూరపు సర్వర్లలో ఫైళ్ళు ఉంచడం. లెక్కలు, పత్రాలు వంటి చిన్న ఫైళ్ళకు ఇది చాలా అనువైనది. పెద్ద ఫైళ్ళకు వేగం చాలదు. పైన చెప్పిన 345 గిగాబైట్ల పెళ్ళి ఫైళ్ళను సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పంపడానికి 38 గంటలకు పైగా పడుతుంది.

ఒకే కంప్యూటరు ఉన్న దుకాణానికి నాస్ అవసరం లేదు. రెండు బాహ్య డిస్కులు, కొద్దిపాటి క్లౌడ్ నిల్వ సరిపోతాయి.

కొనేటప్పుడు హామీ కాలంతో పాటు మరమ్మతు కేంద్రం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. అనంతపురం నుండి బెంగుళూరు 200 కిలోమీటర్లకు పైగా దూరం. మరమ్మతుకు పంపిన పెట్టె తిరిగి వచ్చేవరకు వ్యాపారం ఆగకూడదు కనుక అదే పరిమాణం గల ఒక అదనపు డిస్కును కొని ఉంచుకోవడం మంచిది. హామీలో కొత్త డిస్కు వస్తుంది గాని పోయిన సమాచారం రాదు.

రెండవ ప్రతి

సమాచార భద్రతకు 3-2-1 సూత్రం ప్రసిద్ధం. అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ దీనికి ప్రచారం కల్పించాడు. మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల మాధ్యమాలలో ఉండాలి, వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలి అని దీని సారాంశం.

ధర్మవరంలోని ఒక చీరల దుకాణానికి దీనిని ఇలా అన్వయించవచ్చు. మొదటి ప్రతి నాస్‌లో ఉంటుంది. రెండవది ప్రతి రాత్రి దుకాణం మూసేముందు బాహ్య డిస్కులోకి వెళుతుంది. ఇటువంటి డిస్కులు రెండు ఉంచి, వారానికొకసారి ఒకదానిని ఇంటికి తీసుకువెళ్ళి మరొకదానిని దుకాణానికి తేవాలి. ఇల్లు అదే వంక పక్కన ఉంటే మరొక ఊరిలోని బంధువుల ఇల్లు మేలు. మూడవది లెక్కలకు, డిజైనులకు మాత్రమే పరిమితమైన క్లౌడ్ ప్రతి. ప్రతి తీసిన తరువాత బాహ్య డిస్కును నాస్ నుండి తప్పనిసరిగా ఊడదీయాలి. ట్యాలీ వంటి సాఫ్ట్‌వేరును అందరూ మూసివేసిన తరువాతనే ప్రతి తీయాలి. తెరచి ఉన్న ఫైలు ప్రతి అసంపూర్ణం కావచ్చు.

తిరిగి తెరచి చూడని ప్రతిని నమ్మరాదు. మూడు నెలలకొకసారి బాహ్య డిస్కు నుండి ఒక పాత బిల్లును, ఒక డిజైనును, ఒక నెల లెక్కలను వేరొక కంప్యూటరులో తెరచి చూడాలి.

భద్రత

ఫైళ్ళను తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లను ర్యాన్సమ్‌వేర్ అంటారు. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లను కూడా తాకింది. అది ఎస్.ఎం.బి. పాత రూపంలోని లోపాన్ని వాడుకొంది. కనుక నాస్‌లో ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని ఆపివేయాలి.

2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ నేరుగా ఇంటర్నెట్‌కు తెరచి ఉంచిన క్యూనాప్ పెట్టెలపై దాడి చేసింది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పరికరాలలోని సమాచారాన్ని దుండగులు దూరం నుండే తుడిచివేశారు. వాటికి 2015 తరువాత సాఫ్ట్‌వేరు సవరణలు రాలేదు. ఈ రెండు సంఘటనలను బట్టి నాస్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవరాదనీ, సవరణలు ఆగిపోయిన పెట్టెను వాడరాదనీ తెలుస్తుంది. పెట్టె కొనేటప్పుడు ఎన్ని సంవత్సరాలు సవరణలు ఇస్తారో అడగాలి. బయటి నుండి చూడవలసిన అవసరం ఉంటే వి.పి.ఎన్. ద్వారా మాత్రమే చూడాలి.

నిర్వాహకుని ఖాతాను రోజువారీ పనికి వాడరాదు. ఉద్యోగి మానివేసిన రోజునే అతని ఖాతాను మూసివేయాలి. నిర్వాహకుని సంకేతపదాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇంట్లో బీరువాలో ఉంచాలి. అమరిక చేసిన సాంకేతిక నిపుణుని వద్ద మాత్రమే సంకేతపదం ఉండడం ప్రమాదకరం.

చట్టపరమైన అంశాలు

వస్తు సేవల పన్ను 2017 జూలై 1న అమలులోకి వచ్చింది. కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 36వ సెక్షను ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. ఉదాహరణకు 2024-25 సంవత్సరపు రిటర్ను గడువు 2025 డిసెంబరు 31 కనుక ఆ లెక్కలు 2031 డిసెంబరు చివరి వరకు ఉండాలి. ఆ చట్టం కింద చేసిన 57వ నియమం ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కలకు భద్రతా ప్రతి ఉండాలి. ప్రమాదం వలన గాని, ప్రకృతి వైపరీత్యం వలన గాని అసలు లెక్కలు నశిస్తే సమంజసమైన కాలంలో వాటిని పునరుద్ధరించగలగాలి.

కంపెనీలుగా నమోదైన సంస్థలు 2013 కంపెనీల చట్టం 128వ సెక్షను ప్రకారం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కలను ఉంచాలి. 2022 ఆగస్టులో సవరించిన నియమాల ప్రకారం ఆ లెక్కల ప్రతిని భారతదేశంలో ఉన్న సర్వరులో ప్రతిరోజూ భద్రపరచాలి. ఈ కంపెనీల నియమాలు సొంత యాజమాన్యపు దుకాణాలకు వర్తించవు.

ఎంపిక క్రమం

పై అంశాలను బట్టి ఈ ప్రాంతపు చిన్న వ్యాపారి ఖర్చును కింది వరుసలో కేటాయించవచ్చు:

# ఎర్తింగు పరీక్ష, అవసరమైతే మరమ్మతు.
# నాస్‌కు సంకేతం ఇవ్వగల యు.పి.ఎస్.
# బాహ్య డిస్కులు రెండు, లెక్కలకు క్లౌడ్ నిల్వ.
# గాలి ఆడే, దుమ్ము లేని, నేలకు ఎత్తయిన చోటు.
# గిగాబిట్ స్విచ్చి.
# నాస్ కొరకు తయారైన డిస్కులు రెండు, ఒక అదనపు డిస్కు.
# వీటి తరువాత మిగిలిన డబ్బుకు తగిన నాస్ పెట్టె.

డబ్బు చాలనప్పుడు పెట్టె స్థాయిని తగ్గించుకోవచ్చు, పాత కంప్యూటరుతో సరిపెట్టుకోవచ్చు. యు.పి.ఎస్.ను, వేరొక చోట ఉంచే ప్రతిని మాత్రం వదులుకోరాదు. పెట్టె పాడయితే మరొకటి కొనవచ్చు. ఏడేళ్ళ లెక్కలు, నేతకారుల ఖాతాలు, ఒకసారి మాత్రమే జరిగిన పెళ్ళి చిత్రాలు ఏ దుకాణంలోను కొనడానికి దొరకవు.